మార్టిన్ క్లైన్‌ను ఒక్క వాక్యానికి కుదించకండి: జనరల్ నాలెడ్జ్ పుస్తకాల సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

పోటీ పరీక్షల కోసం మీరు తెలుగులో కూర్చే పుస్తకాల్లోనూ, ఆదివారం అనుబంధాల క్రీడా విశేషాల్లోనూ ఒక ప్రశ్న తరచు కనిపిస్తుంది. ప్రపంచంలో అత్యంత దీర్ఘకాలం సాగిన కుస్తీ పోటీ ఏది అన్నది ప్రశ్న. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రష్యాకు చెందిన మార్టిన్ క్లైన్‌కూ, ఫిన్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ఆసికైనెన్‌కూ మధ్య 11 గంటల 40 నిమిషాలు జరిగిన పోటీ అన్నది జవాబు. ఆ జవాబులో అంకెలు తప్పు కావు. ఒలింపిక్ రికార్డులు చెప్పేదీ దాదాపు అదే. అయినా ఏళ్ళ తరబడి వ్యాయామోపాధ్యాయుడిగా పిల్లలకు కుస్తీ నేర్పిన నాకు ఆ వాక్యం చదివిన ప్రతిసారీ మనసు కష్టపడుతుంది. ఎందుకంటే ఆ వాక్యం ఒక మనిషి క్రీడా జీవితాన్నంతా ఒక గడియారం లెక్కగా మార్చేసింది, ఆయన సొంత నేల పేరును తుడిచేసింది, ఆ పదకొండున్నర గంటల తర్వాత ఆయనకు జరిగిన నష్టాన్ని ఊసైనా ఎత్తకుండా వదిలేసింది. ఈ మూడింటినీ మీరు వచ్చే ముద్రణలో సరిదిద్దాలని కోరుతూ, అందుకు కావలసిన విషయాన్ని నాకు తెలిసినంతలో మీ ముందుంచుతున్నాను.

మార్టిన్ క్లైన్ 1884 సెప్టెంబర్ 12న టర్వాస్తు అనే ప్రాంతంలో పుట్టాడు. అది నేటి ఎస్టోనియా దేశంలో, విల్యాండి జిల్లాలో ఉంది. ఆనాడు ఆ ప్రాంతం రష్యన్ సామ్రాజ్యంలోని లివోనియా రాష్ట్రంలో భాగం. ఎస్టోనియన్లకు తమ భాష ఉంది, తమ పాటలున్నాయి, తమ ఊళ్ళున్నాయి, కానీ ప్రపంచ పటం మీద తమ దేశం లేదు. 1918 ఫిబ్రవరి 24న స్వాతంత్ర్య ప్రకటన వెలువడేదాకా వారు చక్రవర్తి ప్రజలే. క్లైన్ గోదాలోకి దిగిన రోజుల్లో ఆయన చేతిలోని పత్రాలు ఆయనను ఎవరిగా చెప్పినా, ఆయన ఎస్టోనియన్. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి ఎస్టోనియన్‌గా ఆ దేశం ఇప్పటికీ ఆయన పేరే చెప్పుకుంటుంది.

ఆ చిన్న నేల ఆ కాలంలో కుస్తీకి ఇచ్చినంతమంది దిగ్గజాలను పెద్ద పెద్ద దేశాలు కూడా ఇవ్వలేదంటే అతిశయోక్తి కాదు. టార్టు నగరంలో 1877లో పుట్టిన గెయోర్గ్ హాకెన్‌ష్మిట్, ఆయన కంటే ఏడాది పెద్దవాడైన గెయోర్గ్ లూరిక్, 1881లో పుట్టిన అలెక్సాండర్ ఆబెర్గ్ ముగ్గురూ అక్కడివారే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ అనే వైద్యుడు 1885లో నెలకొల్పిన వ్యాయామ బృందం ఇలాంటి యువకులను చేరదీసింది. బరువులెత్తడాన్నీ కుస్తీనీ శాస్త్రీయంగా నేర్పాలన్న పట్టుదల ఉన్న వైద్యుడాయన. హాకెన్‌ష్మిట్, లూరిక్ ఆయన శిక్షణలో ఎదిగినవారే. వాళ్ళు త్వరలోనే డబ్బు కోసం పోరాడే వృత్తి మల్లులయ్యారు. సర్కస్ గుడారాల్లోనూ నాటకశాలల్లోనూ పోటీలు, గోడల నిండా బొమ్మలు, ఊరూరా జేజేలు. హాకెన్‌ష్మిట్ లండన్ నుంచి షికాగో దాకా పోరాడాడు, పుస్తకాలు రాశాడు. లూరిక్, ఆబెర్గ్ ఎన్నో దేశాలు తిరిగి, 1920లో, రష్యా అంతర్యుద్ధపు కల్లోలంలో, అర్మావీర్ పట్టణంలో కొద్ది వారాల తేడాతో జబ్బుచేసి పోయారు. ఆ ముగ్గురి జీవితాలూ కథలుగా చెప్పుకోవడానికి అనువైనవి.

క్లైన్ ఆ దారి మనిషి కాదు. ఆయన ఔత్సాహిక మల్లుడు, అంటే పోరాటానికి కూలి తీసుకోనివాడు. ఆ రోజుల్లో ఆ గీత ఎంత కఠినమైనదో నేటి పిల్లలకు చెప్పనిదే అర్థం కాదు. అదే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్‌లోనూ డెకాథ్లాన్‌లోనూ స్వర్ణాలు గెలిచిన అమెరికన్ ఆదివాసీ క్రీడాకారుడు జిమ్ థోర్ప్, అంతకు ముందు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడన్న కారణంతో 1913లో ఆయన పతకాలను వెనక్కి తీసుకున్నారు. అలాంటి నియమం ఉన్నచోట హాకెన్‌ష్మిట్ వంటివారికి ప్రవేశం ఊహకైనా అందదు. అక్కడికి వెళ్ళగలిగినవాడు క్లైన్ లాంటివాడే. వృత్తి మల్లుడి పేరును గోడల మీది బొమ్మలూ పత్రికలూ మోస్తాయి. ఔత్సాహికుడి పేరును మోసేవి ఫలితాల పట్టికలు మాత్రమే. కాబట్టే ఆ పట్టికను చదివి జనానికి చెప్పే మీ బోటివారి బాధ్యత ఇలాంటి మనిషి విషయంలో రెట్టింపు అవుతుందని నేననుకుంటాను.

ఇక పోటీ సంగతి. 1912 ఒలింపిక్స్‌లో ఫ్రీస్టైల్ కుస్తీ లేదు, గ్రీకో రోమన్ పద్ధతి ఒక్కటే ఉంది. అందులో నడుము కింద పట్టు పట్టకూడదు, కాళ్ళు అడ్డం వేసి పడగొట్టకూడదు. ఛాతీ, భుజాలు, మెడ, చేతుల బలంతోనే ఎదుటివాణ్ణి ఎత్తాలి, తిప్పాలి, చిత్తు చేయాలి. మన మట్టి గోదాల్లో కాళ్ళకు వేసే పట్లలో ఆరితేరిన పిల్లవాడికి ఈ పద్ధతి మొదట్లో చేతులు కట్టేసినట్టే ఉంటుంది. అయిదు బరువు విభాగాల్లో పోటీలు జరిగాయి. క్లైన్ బరిలోకి దిగింది 75 కిలోల విభాగంలో. ఒక్కసారి ఓడినంత మాత్రాన ఎవరూ బయటికి పోరు, రెండోసారి ఓడితేనే పోవాలి. అలా వడకట్టగా చివరికి మిగిలిన ముగ్గురు తమలో తాము పోరాడి పతకాల వరుస తేల్చుకోవాలి. ఆ ముగ్గురే క్లైన్, ఆసికైనెన్, స్వీడన్‌కు చెందిన క్లాస్ యోహాన్సన్. కనుక, పుస్తకాల్లో సెమీఫైనల్ అని రాసే ఆ పోరాటానికి వచ్చేసరికే క్లైన్ ఎన్నో కుస్తీలు పట్టి ఉన్నాడని గుర్తుంచుకోవాలి. అప్పటికి ఆయన వయసు 27. ఆసికైనెన్ ఆయన కంటే నాలుగేళ్ళు చిన్నవాడు, ప్రపంచ విజేత అన్న పేరు అప్పటికే ఉన్నవాడు.

పోటీ జరిగింది ఆరుబయట, స్టేడియంలో, జూలై ఎండలో. స్వీడన్ అనగానే మనకు మంచు గుర్తుకొస్తుంది గానీ ఆ ఏడాది అక్కడి వేసవి మామూలు వేసవి కాదు. అదే ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తిన పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లాజారో ఎండకు తాళలేక దారిలోనే కుప్పకూలి, మర్నాడు కన్నుమూశాడు. ఆ వేడిలో ఇద్దరు సమవుజ్జీలు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ప్రతి అరగంటకూ గుక్కెడు నీళ్ళు తాగేంత విరామం ఇవ్వడం, మళ్ళీ పట్టు కలపమనడం, ఇంతే. పాయింట్ల లెక్కతో విజేతను తేల్చే పద్ధతి లేదు. ఎవరో ఒకరి రెండు భుజాలూ పరుపుకు ఆనితేగాని పోటీ ముగియదు. కాలపరిమితి దాన్ని ఆపదు.

కుస్తీ పట్టినవారెవరికైనా ఆ స్థితి ఎలా ఉంటుందో కొంత ఊహకందుతుంది. మొదటి గంటలో దాడి ఉంటుంది. తర్వాత దాడి చేసిన ప్రతిసారీ తానే ఎదుటివాడి పట్టుకు చిక్కిపోతానన్న భయం మొదలవుతుంది. గ్రీకో రోమన్‌లో ఎదుటివాణ్ణి ఎత్తబోయి తప్పితే తన వీపే కిందికి పోతుంది. సమవుజ్జీల మధ్య ఆ భయం ఇద్దరినీ సమంగా బిగదీస్తుంది. ముంజేతులు బిరుసెక్కుతాయి, పట్టు జారుతుంది, మెడ మీద ఎదుటివాడి బరువు గంటల తరబడి వేలాడుతుంది. శిక్షణలో పిల్లలకు నేను ఆరు నిమిషాల కుస్తీ పెడితేనే చివరి నిమిషంలో వాళ్ళ చేతులు లేవవు. ఆ ఆరు నిమిషాలను వందకు పైగా సార్లు, ఎండలో, ఒకే మనిషి మీద, వరసగా పట్టవలసి వచ్చిందని చెప్పినప్పుడే వాళ్ళకు 11 గంటల 40 నిమిషాలంటే ఏమిటో తెలుస్తుంది. అంతసేపటి తర్వాత క్లైన్ ఆసికైనెన్‌ను చిత్తు చేశాడు. అంతటి అలసటలో కూడా ఒక పట్టును సరైన క్షణంలో వేయగలిగాడంటే, అది కేవలం ఓర్పు కాదు, నేర్పు కూడా. మీ వాక్యంలో ఓర్పు లెక్క ఉంది. నేర్పు ప్రస్తావన లేదు. చాలా పుస్తకాల్లో గెలిచింది ఎవరన్న మాట కూడా ఉండదు.

అంతకంటే పెద్ద లోపం ఏమిటంటే, తర్వాత ఏం జరిగిందో మీరు చెప్పరు. స్వర్ణం కోసం క్లైన్ ఇంకా యోహాన్సన్‌తో తలపడవలసి ఉంది. ఆయన తలపడలేకపోయాడు. శరీరం సహకరించక పోటీ నుంచి తప్పుకున్నాడు. యోహాన్సన్‌కు స్వర్ణం, క్లైన్‌కు రజతం, ఆసికైనెన్‌కు కాంస్యం దక్కాయి. ఆ ఏడాది గ్రీకో రోమన్ కుస్తీలో ఆతిథేయ దేశమైన స్వీడన్‌కు వచ్చిన ఒకే ఒక్క స్వర్ణం అదే. మిగిలిన స్వర్ణాలు మూడింటినీ ఫిన్లాండ్ మల్లులు కార్లో కోస్కెలో, ఎమిల్ వారె, యుర్యో సారెలా గెలిచారు. ఇందులో యోహాన్సన్ తప్పేమీ లేదు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో ఇంకా పై బరువు విభాగంలో మరో స్వర్ణం గెలిచి తానెంతటివాడో ఆయన నిరూపించుకున్నాడు. క్లైన్ అలసిపోకుండా వచ్చి ఉంటే ఫలితం ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. అయితే ఆ పోరాటం జరిగే అవకాశాన్నే నియమం మింగేసిందన్నది మాత్రం వాస్తవం. గెలిచినవాడు ఆ గెలుపు వల్లనే స్వర్ణానికి దూరమయ్యాడు. పిల్లలకు చెప్పవలసిన అసలు విషయం ఇదే కదా?

ఇది ఒక్క క్లైన్‌కు జరిగిన దురదృష్టం అనుకోవడానికి కూడా వీల్లేదు. దానికి పై విభాగంలో, ఫైనల్‌లో స్వీడన్ మల్లుడు ఆండెర్స్ ఆల్‌గ్రేన్, ఫిన్లాండ్ మల్లుడు ఈవార్ బోలింగ్ తొమ్మిది గంటలు పోరాడినా తేలలేదు. నిర్వాహకులు ఆ పోటీని డ్రాగా ప్రకటించి ఇద్దరికీ రజతాలిచ్చారు, స్వర్ణం ఎవరికీ ఇవ్వలేదు. అంటే తొమ్మిది గంటలకు ఒక పోటీని ఆపగలిగిన నిర్వాహకులు, మరో పోటీని దాదాపు పన్నెండు గంటల దాకా నడవనిచ్చారు. ఒకే క్రీడోత్సవంలో, ఒకే పద్ధతిలో ఇలాంటివి రెండు జరిగాయంటే లోపం మల్లుల్లో లేదు, నియమాల్లో ఉంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కుస్తీకి కాలపరిమితులు, పాయింట్లు వచ్చాయి. నేడు ఒక పోటీ అంటే మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్ల విరామం. పట్టు కలపకుండా వెనకాడేవాడిని హెచ్చరించి ఎదుటివాడికి పాయింటు ఇస్తారు. గ్రీకో రోమన్‌లో ఎనిమిది పాయింట్ల ఆధిక్యం వస్తే పోటీ అక్కడితో ముగుస్తుంది. ఈ నియమాలన్నింటి వెనకా 1912 నాటి శరీరాలు పడ్డ కష్టం ఉంది. ఆ సంబంధాన్ని మీ పుస్తకం రెండు వాక్యాల్లో చెప్పినా, పరీక్షకు చదివే యువతకు నియమం ఎందుకు పుడుతుందో తెలుస్తుంది.

ఇక్కడ మన దేశపు మల్లుడు ఒకాయనను గుర్తుచేయకుండా ఉండలేను. 1952లో హెల్సింకీలో స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చిన ఖాశాబా జాదవ్ గురించి మీ పుస్తకాల్లోనే చక్కగా రాశారు. జపాన్ మల్లుడు షోహాచి ఇషీతో సుదీర్ఘంగా పోరాడిన వెంటనే ఆయనను సోవియట్ మల్లుడు రషీద్ మమ్మద్‌బెయొవ్‌తో బరిలోకి దింపారనీ, రెండు పోటీల మధ్య ఉండవలసిన విశ్రాంతి ఆయనకు ఇవ్వలేదనీ, అడగడానికి మన అధికారులెవరూ అక్కడ లేరనీ ఆవేదనతో చెబుతుంటారు. ఆ ఆవేదన న్యాయమైనది. అలసిన శరీరంతో మరో పోరుకు దిగవలసి రావడం ఎంత అన్యాయమో జాదవ్ విషయంలో మనకు ఇంత బాగా అర్థమైనప్పుడు, అంతకు నలభై ఏళ్ళ ముందు అదే బాధ ఇంకా ఎన్నో రెట్లు పడిన క్లైన్ విషయంలో మాత్రం మనం ఎందుకు వింతను చూసినట్టు చూసి పేజీ తిప్పేస్తున్నాం? ఇద్దరూ పల్లెల నుంచి వచ్చినవారే. ఇద్దరికీ ఒలింపిక్ పతకం దక్కింది ఒక్కసారే. ఇద్దరినీ ఒకే కొలతతో కొలవమని నా మనవి.

మూడో విషయం, దేశం పేరు. మీ జవాబులో క్లైన్ రష్యన్, ఆసికైనెన్ ఫిన్. నిజానికి ఆ రోజున ఆ ఇద్దరూ ఒకే చక్రవర్తి ప్రజలు. ఫిన్లాండ్ కూడా అప్పటికి రష్యన్ సామ్రాజ్యంలోని గ్రాండ్ డచీ, అంటే చక్రవర్తి కింద కొంత స్వపరిపాలన ఉన్న ప్రాంతం మాత్రమే. అయితే ఫిన్లాండ్‌కు ఒలింపిక్స్‌లో సొంత జట్టు ఉంది. ఫిన్లాండ్ క్రీడాకారులు గెలిచినప్పుడు రష్యా జెండాయే ఎగరేశారు, అది వారిని ఎంతో బాధపెట్టింది కూడా. కానీ ఫలితాల పట్టికలో వారి దేశం పేరు వారికి ఉంది. ఆస్ట్రియా హంగేరీ సామ్రాజ్యంలో భాగమైన బొహీమియాకూ (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) ఆ అవకాశం దక్కింది. ఎస్టోనియన్లకు దక్కలేదు. అంతెందుకు, 1920లో ఆంట్‌వెర్ప్ వెళ్ళిన మన మల్లులు కుమార్ నవలే, రణధీర్ షిండే బ్రిటిష్ పాలన కిందనే ఉన్నా ఇండియా పేరుతోనే బరిలోకి దిగారు. ఫెదర్ వెయిట్ ఫ్రీస్టైల్‌లో షిండే నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ నాలుగో స్థానం ఇండియాదే అయింది. పరాయి పాలనలో ఉన్న మనకు దొరికిన ఆ చిన్న గౌరవం కూడా క్లైన్‌కు దొరకలేదు. కాబట్టి ఆ లోటు తెలుగు పాఠకుడికి మనసుకు తగలాలి.

రష్యాకు ఆ ఒలింపిక్స్‌లో దక్కినవి మొత్తం అయిదే పతకాలు. రెండు రజతాలు, మూడు కాంస్యాలు, స్వర్ణం ఒక్కటీ లేదు. అంత పెద్ద సామ్రాజ్యం అంత తక్కువకు పరిమితమవడాన్ని ఆనాటి రష్యన్ పత్రికలు, 1905లో జపాన్ చేతిలో తమ నౌకాదళం మునిగిపోయిన సుషిమా యుద్ధంతో పోల్చి వాపోయాయి. ఆ రెండు రజతాల్లో ఒకటి పిస్తోలు జట్టుది. వ్యక్తిగతంగా వచ్చిన ఏకైక రజతం క్లైన్‌ది. వ్యక్తిగత కాంస్యాల్లో ఒకటి పడవ పోటీలో మార్ట్ కూసిక్‌ది, ఆయనా ఎస్టోనియనే. మరొకటి మట్టి పలకల గురి పోటీలో హ్యారీ బ్లౌది, ఆయనది నేటి లాత్వియా రాజధాని రీగా. అంటే ఆ సామ్రాజ్యం పరువును ఆనాడు కాస్తయినా నిలబెట్టినవాళ్ళు దాని అంచుల్లో ఉన్న చిన్న జాతులవాళ్ళు. ఇంత స్పష్టంగా ఉన్న విషయాన్ని రష్యా అన్న ఒక్క మాటతో కప్పేయడం చరిత్రకు కూడా అన్యాయమే.

క్లైన్ తర్వాతి కాలాన్ని కూడా ఆ నేల చరిత్రలో పెట్టి చూడాలి. 1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఎస్టోనియా, రెండేళ్ళకే ఆంట్‌వెర్ప్‌కు తన సొంత జట్టును పంపింది. బరువులెత్తే పోటీలో ఆల్‌ఫ్రెడ్ నోయ్‌లాండ్ ఆ దేశానికి తొలి స్వర్ణం తెచ్చాడు. 1936లో బెర్లిన్‌లో క్రిస్ట్యాన్ పలుసలు హెవీవెయిట్ కుస్తీలో ఫ్రీస్టైల్, గ్రీకో రోమన్ రెండింటా స్వర్ణాలు గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో హెవీవెయిట్‌లో రెండు పద్ధతుల్లోనూ గెలవడమన్నది అసాధారణం. ఈ పరంపరకు మొదటి మెట్టు క్లైన్ రజతమే. 1940లో సోవియట్ యూనియన్ ఆ దేశాన్ని కలుపుకుంది. 1947 ఫిబ్రవరి 11న క్లైన్ చనిపోయే నాటికి ఎస్టోనియా మళ్ళీ పటం మీద లేదు. చక్రవర్తి పాలనలో పుట్టి, సోవియట్ పాలనలో పోయాడు. మధ్యలో ఇరవై రెండేళ్ళు మాత్రమే సొంత దేశంలో బతికాడు, కానీ ఆయన పతకం గెలిచినది ఆ ఇరవై రెండేళ్ళకు ముందు. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది, 1992 బార్సిలోనాలో సొంత జెండాతో జట్టు మళ్ళీ నిలబడింది. సరిగ్గా స్టాక్‌హోమ్‌కు నూరేళ్ళ తర్వాత, 2012 లండన్‌లో, హైకీ నాబి గ్రీకో రోమన్ కుస్తీలోనే ఎస్టోనియాకు రజతం తెచ్చాడు. క్లైన్‌కు వచ్చిన పతకమే, క్లైన్ పట్టిన పద్ధతిలోనే. ఆ పేరు పక్కన మాత్రం ఈసారి ఎస్టోనియా అని ఉంది.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం తన పాత పట్టికలు మార్చాలని నేను ఈ లేఖలో కోరడం లేదు. ఆనాడు ఏ జట్టు తరఫున దిగాడో ఆ జట్టు పేరు రికార్డులో ఉండడం సబబే. అయితే రికార్డులు మారనే మారవని కూడా ఎవరూ అనుకోనక్కరలేదు. జిమ్ థోర్ప్‌ను 1912 నాటి రెండు పోటీల్లోనూ ఏకైక విజేతగా ఆ సంఘమే 2022లో మళ్ళీ గుర్తించింది. ఆయన పోయిన దాదాపు డెబ్భై ఏళ్ళకు జరిగిన దిద్దుబాటు అది. నూట పది సంవత్సరాల నాటి పొరపాటును స్విట్జర్లాండ్‌లో కూర్చున్నవాళ్ళు దిద్దగలిగినప్పుడు, తెలుగులో ఒక వాక్యాన్ని మీరు దిద్దడం పెద్ద పని కాదు.

పరీక్షకు క్లుప్తమైన జవాబే కావాలని మీరనవచ్చు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. విద్యార్థికి సమయం లేదు, మీకు పేజీలు లేవు. అయితే క్లుప్తతకు కూడా ఒక నిజాయితీ ఉండాలి. ఎంతసేపు అని అడిగే బదులు, ఆ పోటీలో గెలిచిన మల్లుడికి స్వర్ణం ఎందుకు రాలేదని అడగండి. ఏ దేశమని అడిగే బదులు, ఆయన ఏ సామ్రాజ్యం తరఫున పోరాడాడు, ఆయన పుట్టిన ప్రాంతం నేడు ఏ దేశంలో ఉందని అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు ఒక్కొక్క వాక్యమే, కానీ వాటిని చదివిన విద్యార్థికి ఒక కాలం తెలుస్తుంది. అంకె ఒక్కటే గుర్తుంచుకున్నవాడికి పరీక్ష హాలు దాటగానే అదీ మిగలదు.

మన దగ్గరి విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరమే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు క్లైన్‌కు సమకాలికులు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకోవడం, గొలుసులు తెంపడం, కార్లను ఆపడం అంటూ వారి ప్రదర్శనల గురించి మనం రాసేవన్నీ ఆశ్చర్యార్థకాలతోనే ముగుస్తాయి. ఒక బలశాలి ఎలా సాధన చేశాడు, ఎవరి దగ్గర నేర్చాడు, ఏం తిన్నాడు, ఎలా జీవించాడన్నవి ఆ ఆశ్చర్యార్థకాల కింద పడి కనిపించకుండా పోతున్నాయి. శరీరంతో పనిచేసినవాళ్ళను మనం వింతలుగా మాత్రమే గుర్తుంచుకుంటామన్న బాధ నాకు చాలాకాలంగా ఉంది. ఒక కవి గురించి రాసేటప్పుడు ఆయన ఎన్ని గంటలు కూర్చుని రాశాడో మాత్రమే చెప్పి ఊరుకోం కదా. గోదాలో దిగినవాడికీ బతుకు, నేర్పు, ఊరు ఉన్నాయి. గ్రామాల్లో ఇంకా మిగిలి ఉన్న తాలింఖానాల్లో సాధన చేసే పిల్లలు మీ పుస్తకాలు చదువుతారు, అందులో తమలాంటివాడు ఎలా కనిపిస్తున్నాడో చూసుకుంటారు.

మీకు పని తేలిక చేయడానికి, క్లైన్ గురించి వేయదగిన ఒక చిన్న వివరణను కింద రాస్తున్నాను. అవసరమైతే మీ పుస్తకం శైలికి తగినట్టు మార్చుకోండి.

మార్టిన్ క్లైన్ (1884–1947): ఎస్టోనియాకు చెందిన ఔత్సాహిక మల్లయోధుడు, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి ఎస్టోనియన్. ఎస్టోనియా అప్పటికి రష్యన్ సామ్రాజ్యంలో భాగం కావడం వల్ల 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రష్యా తరఫున గ్రీకో రోమన్ కుస్తీ 75 కిలోల విభాగంలో పోటీపడ్డాడు. కాలపరిమితి ప్రకారం పోటీని తేల్చే నియమం లేని ఆ రోజుల్లో ఫిన్లాండ్ మల్లుడు ఆల్ఫ్రెడ్ ఆసికైనెన్‌ను 11 గంటల 40 నిమిషాల పోరాటం తర్వాత ఓడించాడు. ఆ అలసట వల్ల స్వీడన్ మల్లుడు క్లాస్ యోహాన్సన్‌తో స్వర్ణం కోసం తలపడలేక తప్పుకొని రజతం పొందాడు.

మీ పుస్తకంలో ఇది అయిదారు పంక్తులకు మించదు. ఇప్పటికే అచ్చయిన ప్రతులను వెనక్కి తీసుకోమని నేనడగను, కానీ వచ్చే ముద్రణకు అచ్చు ప్రతులు సిద్ధమయ్యేలోపు ఈ మార్పు చేయండి. క్రీడల విభాగంలో కుస్తీకి సంబంధించిన మిగతా జవాబులను కూడా ఎవరైనా ఒకసారి సరిచూడాలని మీకనిపిస్తే, ఆ పుటలు పంపండి. ప్రతిఫలం ఏమీ లేకుండా చూసి, మీరు చెప్పిన గడువులోగా తిప్పి పంపుతాను.

భవదీయుడు,
ఒక వ్యాయామోపాధ్యాయుడు